మన సీమలో ముద్దాయి హక్కుల చరిత్ర

1847వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున, కోవెలకుంట్ల చెంత జుర్రేటి యొడ్డున, రెండువేలకు పైబడిన జనము చూచుచుండగా ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరిదీసిరి. కడప కలెక్టరు కాక్రేను దొర ఆ స్థలముననే యుండెను. పిదప ఆ వీరుని శిరస్సును కోటగోడపై వ్రేలాడగట్టి 1877 వరకు, అనగా ముప్పది సంవత్సరములు, అట్లే యుంచిరి. ఇంతవరకు మన సీమలో పసిబాలుడును ఎరిగిన కథయే. పల్లెలలో పాటలుగా పాడుకొనిరి. 2019లో అది వెండితెరకును ఎక్కినది.

కాని ఆ తిరుగుబాటునకు సంబంధించిన వ్రాతలలో వేరొక లెక్క యున్నది. దానిని పాటగట్టినవారు లేరు. ఆ తిరుగుబాటును పురస్కరించుకొని తొమ్మిదివందలకు పైబడిన మందిపై వారంటులు పుట్టెను. వారిలో 412 మందిపై ఏ నేరమును నిలువలేదు, విడిచివేసిరి. 273 మందిని జామీనుపై వదలిరి. శిక్షపడినవారు 112 మంది. ఈ అంకెలను ఒకదాని క్రింద నొకటి వ్రాసి చూచినచో తేలునదేమి? జాబితాకెక్కిన ప్రతి యెనమండుగురిలో సుమారు ఒక్కనిపై మాత్రమే నేరము రుజువయ్యెను. శిక్షపడిన వారికంటె ఊరక విడువబడినవారు మూడున్నర రెట్లకు పైగా నుండిరి.

విడిచివేసిరి యని వ్రాయుట సులభమే. వానకాలమున మొదలైన గాలింపు జొన్నకోతల వేళవరకు సాగెను. ఇంటి యజమాని బందిఖానాలో నున్న ఇంట కాడి కట్టువాడెవడు? చేను కావలి కాయువాడెవడు? ఉత్తపుణ్యమునకు పట్టువడి ఉత్తచేతులతో ఇల్లు చేరిన ఆ నాలుగువందల పన్నెండుగురికి ఎవరును నష్టము పూడ్చలేదు. నరసింహారెడ్డి త్యాగమును తలచుకొనునప్పుడు వీరినిగూడ తలచుకొనుట న్యాయము. ఏలయన, అటుపిమ్మట నూరేండ్ల కాలములో ముద్దాయిల రక్షణకై పుట్టిన చట్టము లన్నియు నిజమున కిట్టివారి కొరకే పుట్టినవి.

తిరుగుబాటు పుట్టుక అందరెరిగినదే గనుక క్లుప్తముగా చెప్పిన చాలును. 1800లో నిజాము ఈ మండలములను కుంఫిణీకి దత్తము చేసెను. మన్రో దొర పాలెగాండ్ర కోటలను పడగొట్టి, బంట్లను చెదరగొట్టి, వారికి భరణములను ఏర్పరచెను. నరసింహారెడ్డి వంతునకు వచ్చిన తవర్జీ నెలకు పదునొకండు రూపాయల పది యణాల ఎనిమిది పైసలు. ఒకనాడు కోటలేలిన వంశమునకు అది ఏపాటి? నొస్సము వారి భరణము నిలిచిపోవుటయు, కట్టుబడివారి ఇనాములను సర్కారు లాగుకొనుటయు అగ్గికి ఆజ్యమైనవి. 1846 జూలైలో అతడు కట్టుబడివారిని కూడగట్టుకొని కోవెలకుంట్ల ఖజానాపై పడెను. రుద్రవరము, గిద్దలూరు, నల్లమల యడవులు ఆ పోరునకు రంగములయ్యెను. హత్యలును జరిగెను, దాచవలసిన పనిలేదు. అక్టోబరులో పేరుసోముల గుట్టలలో అతడు పట్టువడెను. రాజద్రోహము, హత్య, బందిపోటు అను నేరములు మోపి విచారించి, పట్టిన నాలుగున్నర నెలలకు ఉరిదీసిరి.

విచారించినవారు ఎవరు? ఏ పద్ధతిని విచారించిరి? ఇచ్చట కొంత నిలిచి చూడవలసి యున్నది. 1816 నాటి రెగ్యులేషనుల ప్రకారము కలెక్టరే మేజిస్ట్రేటు. అతని క్రింది తాశీల్దారే పోలీసునకు అధిపతి. పన్ను వసూలుచేయు చేయియే దొంగను పట్టు చేయి. గ్రామమున పెద్దరెడ్డి అనుమానితుని పట్టి తాశీల్దారు కచేరికి పంపవలెను. కరణమును తలారియు అతనికి తోడు. గ్రామములో కలము పట్టువాడు కరణమే గనుక, పేర్లు వ్రాయువాడును అతడే. పైనుండి తాఖీదు వచ్చినచో పేర్లు లేవని బదులు వ్రాయుటకు ఎంతటి కరణమునకు గుండె చాలును? ఊరిలో ఎవరు రెడ్డి వెంట పోయిరి, ఎవరు పోలేదు, ఎవని ఎడ్లు రుద్రవరము త్రోవలో కనబడినవి—ఇట్టి మాటలు కాగితముపై కెక్కినంతనే నేరములగును. పాతపగలకు అంతకంటె మంచి అదను వేరొకటి లేదు. రాజు తలచుకొన్న దెబ్బలకు కొదువా యని మన పెద్దలు ఊరక యనలేదు.

అప్పటికి మద్రాసు రాజధానిలో నేరవిచారణకు ఆధారము రెగ్యులేషనులచే సవరింపబడిన మహమ్మదీయ ధర్మశాస్త్రము. ఇప్పుడు మనమెరిగిన శిక్షాస్మృతిగాని, సాక్ష్యచట్టముగాని పుట్టలేదు. మెకాలే 1837లో చిత్తు వ్రాసిన పీనలుకోడు అచ్చులోనే నిద్రించుచుండెను. ముద్దాయికి వకీలు ఉండితీరవలెనను మాట ఇంగ్లండులోనే క్రొత్తది. అచ్చటను 1836లో చేసిన చట్టమువలననే, పెద్దనేరము మోపబడినవాని పక్షమున వకీలు జూరీతో పూర్తిగా వాదించు హక్కు వచ్చెను. పదియేండ్ల వయసుగల ఆ హక్కు ఏడు సముద్రములు దాటి కోవెలకుంట్లకు రాలేదు.

అయినచో ముద్దాయిమాట వినవలెనను భావమే మనకు పడమటినుండి దిగుమతియైనదని తలంచుట సరికాదు. నన్నయభట్టారకుని ఆదిపర్వము చదివినవారికి మాండవ్యుని కథ తెలియును. మౌనవ్రతమున నున్న ఆ ముని ఆశ్రమమున దొంగలు సొమ్ముతో దాగిరి. రాజభటులు వచ్చి అడిగిన ముని పలుకలేదు. సొమ్ము దొరకెను, దొంగలు దొరకిరి, మునియు దొంగయే యని కొరత వేసిరి. కొరతమీదను ప్రాణము పోక తపము చేయుచున్న అతనిని చూచి రాజు పరుగెత్తివచ్చి కాళ్ళపై బడెను. కాని కొరతములికి దేహమునుండి ఊడలేదు. దానిని దేహమున మోయుచునే తిరిగిన కారణమున ఆణిమాండవ్యుడయ్యెను. తప్పుతీర్పును రాజు దిద్దుకొన్నను దాని ములికి బాధితుని యొడలిలో మిగిలియే యుండునని చెప్పుటకు ఇంతకంటె చక్కని కథ కానరాదు. చిన్ననాట పురుగులను పుల్లతో గ్రుచ్చిన పాపమునకు ఇది ఫలమని యముడు చెప్పగా, పదునాలుగేండ్లలోపు బాలుడు చేసిన పనికి పాపము అంటదని ఆ ముని కట్టడి చేసెను. నేటి బాలనేరస్థుల చట్టములు వెదకుచున్న సూత్రము ఆ కట్టడిలోనే కలదు.

ఇదే మాండవ్యుని కౌటిల్యుడు వేరువిధముగా ఉదాహరించెను. 1909లో శామశాస్త్రిగారు అచ్చువేయించినదాక అర్థశాస్త్రము లోకమునకు కనబడలేదు గాని, అందు నాలుగవ అధికరణమున దొంగల విచారణ ఘట్టము తప్పక చదువదగినది. హింసకు వెరచి, దొంగకానివాడును తాను దొంగనేయని ఒప్పుకొనవచ్చునని, మాండవ్యుడు అట్లొప్పుకొన్నవాడేయని కౌటిల్యుడు హెచ్చరించి, నిశ్చయమైన నిదర్శనము కావలెననెను. నేరము జరిగి మూడురాత్రులు గడచిన పిమ్మట కేవల మనుమానముపై ఎవనిని పట్టరాదనియు విధించెను. అయితే ఆ పుటలలోనే పదునెనిమిది రకముల హింసలను గూడ ఆయనయే లెక్కబెట్టి వ్రాసెను. పూర్వుల ప్రశంసలో ఈ రెండవ భాగమును మరుగుపరచుట నిజాయితీ కాదు.

ధర్మశాస్త్రములు వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పినవి. ఫిర్యాదు మొదటిపాదము, ప్రతివాది చెప్పు ఉత్తరము రెండవపాదము, సాక్ష్యాధారములు మూడవది, నిర్ణయము నాలుగవది. ఉత్తరము వినక నిర్ణయమునకు దుమికిన వ్యవహారము కుంటిదగును. విజ్ఞానేశ్వరుని మితాక్షర ననుసరించి పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన తెనుగున విజ్ఞానేశ్వరీయము రచించెను గనుక, ఈ విషయము తెనుగువారికి తెనుగుననే ఏడువందల యేండ్లనుండి అందుబాటులో నున్నది. మృచ్ఛకటికములో చారుదత్తుని విచారణయును దీనికి చక్కని దృష్టాంతము. నిరపరాధియైన అతనిపై రాజుబావమరిది హత్యానేరము మోపగా, సాక్ష్యములన్నియు ఒకదానిపై నొకటి పడి అతనినే చుట్టుకొనినవి. చచ్చినదనుకొన్న వసంతసేన ప్రాణములతో వచ్చి నిలిచినదాక తలారి కత్తి దిగలేదు. కాని పాత శాస్త్రములలో ఒకే నేరమునకు కులమునుబట్టి వేరువేరు దండనలున్న మాటయు సత్యమే. ఉత్తరము చెప్పుకొనుటకు సభలో అడుగుపెట్టలేని వానికి రెండవపాదము ఉన్నను లేనట్టే.

కోవెలకుంట్ల ఉరి జరిగిన ఏడేండ్లకు, 1854లో, మద్రాసు రాజధానిలో రైతులను హింసించి పన్ను రాబట్టుచున్నారను మాట లండను పార్లమెంటులో పుట్టెను. దానిపై మద్రాసులో ముగ్గురు సభ్యుల కమిషను ఏర్పడినది: ఇ. ఎఫ్. ఎలియట్, హెచ్. స్టోక్స్, జె. బి. నార్టన్. వీరిలో నార్టన్ వకీలు. దేశభాషలలో ప్రకటనలు వెలువడగనే జనము కదలెను. వందలమైళ్ళు నడచి మద్రాసు చేరినవారును ఉండిరి. మొత్తము 1,959 ఫిర్యాదులు వచ్చెనని లెక్క. 1855లో కమిషను తన నివేదికను సమర్పించెను.

ఆ నివేదికలో చెప్పిన హింసలు చదువుట కష్టము. ఒకకొన జోడించిన రెండు కఱ్ఱలనడుమ వ్రేళ్ళనుంచి నొక్కు కిట్టి అందు ముఖ్యమైనది. మెడకును కాళ్ళకును త్రాడుగట్టి మనిషిని వంచి ఎండలో నిలువబెట్టుట మరియొకటి. వంగినవాని వీపుపై బండనుంచుటయు కలదు. కిట్టి యను మాట బ్రౌను నిఘంటువునకే ఎక్కినదనిన అది ఎంతటి వాడుకలోనిదో తెలియుచున్నది. పన్ను చెల్లింపనివానికిని, నేరమొప్పుకొననివానికిని ఒకటే మందు. రెండు పనులకును అధికారి ఒక్కడేయైనప్పుడు పనిముట్లు మాత్రము వేరేల యుండును?

దోషమంతయు నాటు ఉద్యోగులదేయని, దొరలకు తెలియక జరిగినదని ఆ కమిషను తేల్చెను. ఈ తీర్పు సగమే సత్యము. కిట్టి పట్టిన చేయి మనవారిదే. అందు సందేహము లేదు. కాని ఫసలీ ముగియులోపల జమాబందీ మొత్తము ఖజానాలో పడితీరవలెనని తాఖీదుపై తాఖీదు పంపినవారు మేడలలో నుండిరి. మొత్తము చేరిన ఎట్లు చేరెనని అడిగినవారు లేరు. ఏదియెట్లున్నను కమిషను కనుగొన్న మూలకారణము మాత్రము గట్టిది: పన్నును పోలీసును ఒకచేతిలో నుంచరాదు. 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చి తాశీల్దారు చేతినుండి పోలీసును వేరుచేసెను. దానికి ముందటియేడే, 1858లో, అంతవరకు కడప జిల్లాలో నున్న కోవెలకుంట్ల కర్నూలు జిల్లాలో చేరెను.

తరువాతి పదునైదేండ్లలో వచ్చిన చట్టములను వరుసగా చదివినచో ఆ 1,959 ఫిర్యాదుల చప్పుడు వాటి వెనుక వినబడును. 1860 నాటి పీనలుకోడు 330వ సెక్షను నేరమొప్పించుటకై బాధించుటను నేరముగా చేసెను. దాని క్రింద ఉదాహరణములుగా పోలీసు అధికారినే గాక, బకాయి రాబట్టుటకై హింసించు రెవిన్యూ అధికారిని, శిస్తుకై రైతును హింసించు జమీందారును గూడ పేర్కొనిరి. చట్టములో ఉదాహరణములు ఊరక పుట్టవు. 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు పోలీసుల యెదుట ఒప్పుకోలును సాక్ష్యముగా పనికిరాదనెను. 1872 నాటి సాక్ష్యచట్టము 25, 26 సెక్షనులలో ఆ కట్టడి స్థిరపడెను. ఒప్పుకోలు చెల్లదన్నచో దానికై కొట్టుట దండుగ యగునని శాసనకర్తల యూహ. అయితే 27వ సెక్షను ఒక దొడ్డిదారిని మిగిల్చినది. ముద్దాయి చెప్పిన మాటవలన ఒక వస్తువు బయటపడినచో ఆ మాటలో దానికి సంబంధించినంత భాగము చెల్లును. కావున గొడ్డలియో కొడవలియో దొరకినదను పంచనామా లేని హత్యకేసు మన ప్రాంతపు కోర్టులలో అరుదు. ఆ పంచనామా క్రింద సంతకము చేయువారు ఒక్కొక్కప్పుడు ఏమి వ్రాసియున్నదో చదువకయే చేయుదురన్నది గ్రామములలో అందరెరిగిన రహస్యము.

ఇట్లు ఒకచేత్తో ముద్దాయికి రక్షణనిచ్చిన ప్రభుత్వమే రెండవచేత్తో మరియొక పని చేసెను. ఉత్తరదేశమున 1871లో క్రిమినలు తెగల చట్టము పుట్టెను; 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. దీని ప్రకారము ఒక తెగను నేరస్థతెగయని ప్రకటించినచో ఆ తెగలో పుట్టిన ప్రతివాడును వ్రేలిముద్ర లిచ్చి పేరు నమోదు చేయించుకొనవలెను. పిలిచినప్పుడు హాజరు చెప్పవలెను. ఊరు కదలుటకు అనుమతి పొందవలెను. ఆ ప్రకటన సరియా కాదా యని ఏ కోర్టును ప్రశ్నింపరాదని చట్టములోనే వ్రాసిరి. ఇక్కడ మోపిన నేరమేలేదు, పుట్టుకయే నేరము. ఉత్తరమునకు తావే లేదు. స్టూవర్టుపురము పేరు అందరు విన్నదే. కాని అట్టి సెటిల్మెంటు మన నల్లమల అంచున ఆత్మకూరు ప్రాంతపు సిద్ధాపురములోను ఉండెనని ఈ తరమువారిలో కొందరికే తెలియును. కోవెలకుంట్ల జాబితా ఒక్క తిరుగుబాటుతో ముగిసినది. ఈ జాబితా తండ్రినుండి కొడుకునకు సంక్రమించినది. మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31న ఈ చట్టము రద్దయ్యెను. రద్దుకాగా మిగిలిన అనుమానము మాత్రము పోలీసుస్టేషనులలోను, ఊళ్ళలోను చిరకాలము నిలిచెను.

గ్రంథాలయ సంచికలో తప్పక స్మరింపదగిన ముద్దాయి యొకడు కలడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో కర్నూలున జన్మించిరి. రాజమహేంద్రవరపు శిక్షణ కళాశాలలో చదువుచు వందేమాతరోద్యమమున పాల్గొన్నందుకు బహిష్కృతులైరి. బెజవాడనుండి వెలువడిన స్వరాజ్య పత్రికకు సంపాదకులై, 1908లో తిరునల్వేలి కాల్పులను ఖండించుచు వ్రాసిన వ్రాతకుగాను పీనలుకోడు 124-ఎ సెక్షను క్రింద రాజద్రోహ నేరమునకు గురియై, మూడేండ్ల కారాగారశిక్ష ననుభవించిరి. ఆ సెక్షను మెకాలే కోడు అమలులోనికి వచ్చిన పిమ్మట, 1870లో చేర్పబడినది.

నరసింహారెడ్డి విచారణకును ఈ విచారణకును ఆరుపదుల యేండ్ల యెడమున్నది. ఈనాటికి శిక్షాస్మృతి, సాక్ష్యచట్టము, ప్లీడర్లు, హైకోర్టు అన్నియు ఏర్పడినవి. 1898 నాటి ప్రొసీజరు కోడు 340వ సెక్షను ప్లీడరుద్వారా వాదించుకొనుట ముద్దాయి హక్కని స్పష్టపరచినది. అన్నియు ఉన్నను శిక్ష పడినది. విచారణ పద్ధతి ఎంత చక్కబడినను, నేరమని దేనిని నిర్వచించిరో అది అన్యాయమైనచో వకీలు చేయగలది కొంతయే. జైలునుండి వచ్చినపిమ్మట ఆయన గ్రంథాలయోద్యమమునకు, వయోజనవిద్యకు జీవితమును ధారవోసిరి. 1927లో నంద్యాలనుండి మద్రాసు శాసనమండలికి ఎన్నికైరి. 1960లో పరమపదించిరి. రాజద్రోహియని శిక్షింపబడినవాడే పల్లెపల్లెకు పుస్తకములు చేర్చుటకు తిరిగెను. 124-ఎ సెక్షను 2024లో పీనలుకోడుతోపాటు తొలగిపోయెను గాని, దేశసార్వభౌమత్వమునకు భంగము కలిగించు చేష్టలను గూర్చి దాని తావున వచ్చిన 152వ సెక్షను చదివినవారికి పాతది పూర్తిగా పోయినదా యను శంక కలుగక మానదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంతవరకు చట్టసభల దయపై నున్న ఈ రక్షణలను ప్రాథమిక హక్కులలో చేర్చినది. తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమిమ్మని ముద్దాయిని బలవంతపెట్టరాదు. ఒకే నేరమునకు రెండుమారులు శిక్షింపరాదు. చేసిననాడు నేరము కానిదానిని తరువాత నేరముచేసి శిక్షింపరాదు. ఇవి 20వ అధికరణము. పట్టినవానికి ఎందుకు పట్టిరో చెప్పవలెను. తన కిష్టమైన వకీలును సంప్రదించనీయవలెను. ప్రయాణకాలము మినహా ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. ఇవి 22వ అధికరణము. మేజిస్ట్రేటు నెదుట నిలుపుట కేవల లాంఛనము కాదు. కొట్టిరా యని అడుగుటకు, ఒంటిపై గాయములు చూచుటకు, పోలీసులు గాక మరియొక అధికారి కన్ను ముద్దాయిపై పడుట కది తొలి తరుణము.

హక్కు కాగితముపై నుండుట వేరు, బీదవాని చేతికందుట వేరు. బీహారు జైళ్ళలో, తమపై మోపిన నేరమునకు పడదగిన శిక్షకంటె ఎక్కువకాలము విచారణ లేకయే మ్రగ్గినవారి సంగతి 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసున సుప్రీంకోర్టుకు వచ్చెను. త్వరితవిచారణయు, బీదలకు ఉచితన్యాయసహాయమును జీవించు హక్కులోని భాగములేయని కోర్టు తీర్మానించెను. 1976లో రాజ్యాంగమున చేర్చిన 39-ఎ అధికరణమునకు అట్లు ప్రాణము వచ్చెను. 1987లో చేసిన న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో నున్న ఎవరికైనను, ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా వకీలు దొరకును. ఈ యొక్క సంగతి తెలియక పొలమమ్మి వకీలు ఫీజు చెల్లించినవారును, పొలము లేనందున వకీలే లేక నిలిచినవారును మన పల్లెలలో ఎందరో కలరు.

మన ప్రాంతమున ముఠాతగాదాల కేసులలో జాబితా పాతరూపముననే మరల తలయెత్తినది. ఒక హత్య జరిగినంతనే ఎదుటిముఠాలో నడువగలిగినవారందరి పేర్లును ఫిర్యాదులో నెక్కును. నిజముగా కత్తి పట్టినవాడు ఇద్దరు ముగ్గురైనను, ఊరిలో లేనివాడును, మంచము దిగలేని ముసలివాడును ముద్దాయిలగుదురు. అటువైపు సాక్షియు ముఠావాడే గనుక నిజమెక్కడ నున్నదో తేల్చుట న్యాయాధిపతికి తలకుమించిన పని. ఉత్తరప్రదేశములో ఒక గ్రామపు ముఠాపోరునుండి వచ్చిన మసల్తీ కేసున 1964లో సుప్రీంకోర్టు దీనికొక కొలతను ఆమోదించెను. పలువురు ముద్దాయిలున్న కేసున ఇద్దరు ముగ్గురైనను పొందికగా ఒకడు అక్కడ నుండెనని చెప్పిననే అతనిని దోషిగా నెంచుట క్షేమమని దాని సారము. ఒక్కొక్కపేరును విడిగా పరీక్షించుమని, గుంపునుబట్టి మనిషిని శిక్షింపవద్దని కోర్టు చెప్పినట్లే. 1847లో జల్లెడపట్టుటకు ఇట్టి కొలత లేకున్నను ఆ 412 మంది బయటపడిరి. బయటపడుటకు పట్టిన కాలమే వారి శిక్ష.

2024 జూలై 1వ తేదీనుండి పీనలుకోడు, ప్రొసీజరు కోడు, సాక్ష్యచట్టము మూడును తొలగి క్రొత్త పేర్లతో క్రొత్త సంహితలు వచ్చినవి. వకీళ్ళును గుమాస్తాలును పాత సెక్షనుల అంకెలు మరచి క్రొత్తవి బట్టీపట్టవలసి వచ్చెను. ముద్దాయి వకీలుద్వారా వాదించుకొను హక్కు 1898 కోడులో 340వ సెక్షనుగా నుండి, 1973 కోడులో 303గా మారి, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో తిరిగి 340వ సెక్షనునకే చేరినది. దాని ప్రక్కనున్న 341వ సెక్షను వకీలును పెట్టుకొనలేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుపై వకీలు నియమింపవలెనని చెప్పుచున్నది. నంద్యాలలోను, ఆళ్ళగడ్డలోను కోర్టులున్నవి. జుర్రేటికి కూతవేటు దూరమున కోవెలకుంట్లలోను ఒక కోర్టున్నది. అచ్చట బోనెక్కిన వానిని తొలుత అడుగవలసిన ప్రశ్న, నీకు వకీలు ఉన్నాడా యని.